హాజరు పట్టీలో కనిపించని గంటలు

అధ్యక్షులకు, తోటి ఉద్యోగులకు నమస్కారం. ఆదివారం పెట్టిన సభ కదా, ఆడవాళ్ళు తక్కువమందే వచ్చారు. ఎందుకు రాలేదో చెప్పడమే ఇవాళ్టి నా పని.

పొద్దున్నే విజయనగరం స్టేషన్లో వైజాగ్ బండి ఎక్కేవాళ్ళని చూడండి. అందరిదీ అదే అరవై కిలోమీటర్ల ప్రయాణం. పెళ్ళికాని కుర్రాడు సీటు దొరికితే కునుకు తీస్తాడు. పక్కనున్నావిడ "బాబు టిఫిన్ తిన్నాడా, మావయ్యగారికి మాత్ర ఇచ్చావా" అని ఫోన్లో అడుగుతూనే ఉంటుంది. ఆఫీసులో ఇద్దరి హాజరూ ఒకటే.

కేంద్రం 2024లో జరిపిన సర్వే ప్రకారం ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. అదీ ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళ లెక్క. పెట్టనివాళ్ళు ఇందులో లేనే లేరు!

పిల్లలు ఎదిగితే తెరిపి అనుకుంటాం. మన జిల్లాల్లో అప్పుడే పెద్దవాళ్ళు మంచం పడతారు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, తండ్రికి కిడ్నీలు పాడైన ఒక ఉద్యోగి సంగతి తలుచుకోండి. డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు తీసుకెళ్ళినా ఏడాదికి నూటనాలుగు రోజులు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి ఉన్న క్యాజువల్ లీవులు 15. మిగతా రోజులు తమ్ముణ్ణో, భార్యనో బతిమాలుకోవాలి. తమ్ముడు వలస వెళ్ళి ఉంటే? 2017లో సవరించిన ప్రసూతి చట్టం తల్లికి 26 వారాల సెలవిచ్చింది, 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల్ని చూసే గది ఉండాలంది. మంచిదే. అందులో ముసలి తల్లిదండ్రుల ఊసు లేదు. ఇక పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో కిలోల లెక్కన ఒలిచే ఆవిడకి, రాని రోజు కూలే ఉండదు.

నేను సెక్షన్ చూసే రోజుల్లో సాయంత్రం ఐదింటికి మీటింగ్ పెట్టేవాణ్ణి. ఒకావిడ మాటిమాటికీ గడియారం చూస్తోందని ఒకసారి అందరి ముందూ విసుక్కున్నాను. సాయంత్రం బండి తప్పితే ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో నాకు తెలియక కాదు, నేనూ ఆ బండిలో వెళ్ళేవాణ్ణే. నేను ఎప్పుడు చేరినా కంచంలో అన్నం ఉండేది, అంతే తేడా. ఆ మీటింగ్‌ని పదకొండింటికి మార్చడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. జీవో ఏమీ అక్కర్లేకపోయింది.

ప్రశ్నలుంటే అడగండి. ఇంటికి తొందరగా వెళ్ళాల్సినవాళ్ళు ముందు అడగండి.