మాట దొరకడం లేదా? రాసేవాళ్లతో ఒక ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఈ వారం కార్యక్రమం రాసేవాళ్ల కోసం. కథ కావచ్చు, వ్యాసం కావచ్చు, పరీక్షలో ఎస్సే కావచ్చు, చెప్పాలనుకున్నది మనసులో ఉండి కూడా సరైన మాట దొరక్క ఆగిపోతున్నవాళ్లు ఫోన్ చేయొచ్చు. చాలాకాలం కాలేజీలో తెలుగు చెప్పి, తర్వాత పత్రిక డెస్కులో పనిచేసిన మాస్టారు మనతో ఉన్నారు. మొదటి కాల్ నెల్లూరు నుంచి. చెప్పండి.

కాలర్ (నెల్లూరు): నమస్తే సార్. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఎస్సే రాస్తుంటే అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మా ఫ్రెండ్ రోజుకు పది కొత్త పదాలు బట్టీ పట్టమన్నాడు. పడుతున్నాను గానీ రాసేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాదు, వచ్చినా ఎక్కడ పెట్టాలో తెలీదు. చాలా టెన్షన్‌గా ఉంది సార్.

మాస్టారు: కంగారు పడకు బాబూ. నీ ఎస్సేలోంచి ఒక వాక్యం చదువు ముందు.

కాలర్ (నెల్లూరు): "ప్రభుత్వం చేత రైతుల యొక్క సంక్షేమం కొరకు అనేక పథకాలను ప్రవేశపెట్టడం జరిగింది."

మాస్టారు: ఈ వాక్యానికి కొత్త పదాలు అక్కర్లేదు, ఉన్నవే కొన్ని పోవాలి. "రైతుల కోసం ప్రభుత్వం చాలా పథకాలు తెచ్చింది", అంతే కదా నువ్వు చెప్పింది? "జరిగింది" అనే మాటను మనం ఎక్కడ పడితే అక్కడ తగిలిస్తున్నాం, ప్రారంభించడం జరిగింది, తెలియజేయడం జరిగింది, నిర్ణయించడం జరిగింది అని, దాంతో అసలు క్రియ చచ్చిపోతోంది. అది తీసేస్తే నీకు చోటు మిగులుతుంది. ఆ చోటులో ఏ పథకం, ఏ రైతుకు అందింది, ఎవరికి అందలేదు అని రాయి. అప్పుడు నీకు కౌలుదారు, గిట్టుబాటు ధర, తనఖా, దళారి, పంట బీమా, చేతి బదులు లాంటి మాటలు కావాల్సొస్తాయి. వీటిలో నీకు తెలియనిది ఒక్కటైనా ఉందా?

కాలర్ (నెల్లూరు): లేదు సార్, అన్నీ తెలిసినవే.

మాస్టారు: మరి ఎస్సేలోకి ఎందుకు రాలేదు? విషయానికి దూరంగా నిలబడి రాశావు గనక. దూరం నుంచి చూస్తే అందరూ "రైతులు", అన్నీ "పథకాలు", అంతా "సంక్షేమం". దగ్గరికి వెళితే మాటలు వాటంతటవే వస్తాయి. ఇక ఆ బట్టీ గురించి. చదివితే అర్థమయ్యే మాటలు వేరు, రాసేటప్పుడు చేతికొచ్చే మాటలు వేరు, మొదటివి మన అందరి దగ్గరా వేలల్లో ఉంటాయి, రెండోవి చాలా తక్కువ. కొత్తవి పోగేయడం కన్నా తెలిసినవాటిని వాడకంలోకి తేవడమే పెద్ద పని. రోజుకు పది వద్దు, వారానికి రెండు మూడు చాలు, కాకపోతే ఒక్కో మాటనూ పూర్తి వాక్యంతో రాసుకో, ఎవరన్నారో, ఏ సందర్భంలో అన్నారో కూడా రాసుకో, ఆ వారంలోనే దాన్ని నీ సొంత వాక్యంలో ఒక్కసారైనా వాడు. పదం ఇటు, అర్థం అటు గీత గీసి రాసుకున్న నోట్సు వల్ల మాట పరిచయమవుతుందే గానీ చేతికి అలవాటు కాదు.

వ్యాఖ్యాత: పోచంపల్లి నుంచి ఒక తమ్ముడు లైన్లో ఉన్నారు.

కాలర్ (పోచంపల్లి): సార్ నమస్తే. మా ఇంట్లో మగ్గం ఉంది. నాన్న నేస్తాడు, అమ్మ ఆసు పోసేది. వాళ్ల మీదే ఒక కథ రాస్తున్నా. పడుగు, పేక, కండె, చిటికి కట్టుడు, ఈ మాటలన్నీ పెట్టిన. చదివినాయన ఒకరు, ఇవి ఎవరికీ అర్థం కావు, తీసేసి "నేత పని చేస్తున్నాడు" అని రాయమన్నడు. తీసెయ్యాల్నా సార్?

మాస్టారు: తీసెయ్యొద్దు నాయనా, ఒక్కటి కూడా తీసెయ్యొద్దు. "నేత పని చేస్తున్నాడు" అంటే పాఠకుడికి ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. అదే "అమ్మ ఆసు పోస్తోంది, మేకుల చుట్టూ దారం తిప్పీ తిప్పీ సాయంత్రానికి భుజం లేవడం లేదు" అని రాశావనుకో, ఆసు ఎప్పుడూ చూడనివాడికి కూడా అది ఎలాంటి పనో తెలిసిపోతుంది. మీ ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఆ బాధ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది ఆయనకు. నువ్వు "నేత పని" అని రాస్తే ఆ భుజం నొప్పి కథలోకి రాదు, ఆసు అని రాస్తేనే వస్తుంది. అర్థం బ్రాకెట్లో పెట్టకు, పేజీ కింద అర్థాలూ ఇవ్వకు, ఆ పని జరుగుతుంటే చూపించు, చాలు.

కాలర్ (పోచంపల్లి): కథ చెప్పే భాష కూడా మా భాషే ఉంచొచ్చా సార్? తొవ్వ, యాది, ఇగురం, ఇట్లాంటివి?

మాస్టారు: ఉంచు. తొవ్వ అనే చోట "దారి" అని పెట్టి మళ్లీ పాత్రల నోట తొవ్వ అనిపిస్తే, కథ చెప్పేవాడు ఆ ఊరివాడు కాదేమో అనిపిస్తుంది, కావాలని చేస్తే సరే, భయంతో మాత్రం చేయకు. ఇంకో సంగతి విను, ఇది నిజంగా అందరూ తెలుసుకోవాల్సింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు వృత్తి పదకోశం తలపెట్టినప్పుడు పాత కావ్యాల దగ్గరికి పోలేదు, జిల్లాలవారీగా పనిచేసేవాళ్ల దగ్గరికే మనుషుల్ని పంపించి మాటలు సేకరించారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వేసిన మొదటి సంపుటం వ్యవసాయం, రెండోది చేనేత, 1971లో. అంటే మీ అమ్మగారి నోట్లో ఉన్న మాటలు కోశానికి ఎక్కదగ్గవని అంత పెద్ద భాషాశాస్త్రవేత్తే అన్నట్టు. నీకు అవి ఇంట్లోనే ఉన్నాయి. మనం రోజూ వాడే పలుకుబళ్లు ఎక్కడివి అనుకున్నావు? ఆసులో కండెలా తిరుగుతున్నాడు అంటాం, మగ్గం ఇంట్లోంచి వచ్చింది. ప్రతిపక్షం తూర్పారబట్టింది అని పేపర్లో రాస్తాం, అది కళ్లంలోంచి వచ్చింది, గాలికి ధాన్యం ఎగరబోసి తాలు పోగొట్టే పని అది. అది తెలిసి రాసేవాడు ఊరికే తిట్టడాన్ని తూర్పారబట్టడం అనడు, మంచీ చెడూ వేరుచేసి విమర్శించినప్పుడే అంటాడు.

వ్యాఖ్యాత: అందరి ఇళ్లలో మగ్గం ఉండదు కదా మాస్టారూ, అపార్ట్‌మెంట్‌లో పుట్టి పెరిగినవాళ్లు ఎక్కడికి పోవాలి?

మాస్టారు: వంటింట్లోకి పోవాలి. దంచడం, నూరడం, రుబ్బడం, విసరడం, ఈ నాలుగూ వేరువేరు పనులు, ఇప్పుడు నాలుగింటికీ కలిపి "మిక్సీ వేయడం" అంటున్నాం. మిక్సీ తప్పని నేననను, ఆడవాళ్ల చేతులకు అది ఎంత సుఖమిచ్చిందో నాకు తెలుసు. కానీ 1960ల నాటి కథ రాస్తూ "పిండి తయారుచేసింది" అంటే ఎలా? మెకానిక్ షెడ్డులో, సెల్‌ఫోన్ రిపేరు షాపులో, ఆటో స్టాండులో కూడా వాళ్ల మాటలు వాళ్లకుంటాయి. ఒక అరగంట అక్కడ కూర్చుని "దీన్నేమంటారన్నా" అని అడిగితే ఎవరూ కాదనరు, సంతోషంగా చెబుతారు.

వ్యాఖ్యాత: రాజమహేంద్రవరం నుంచి ఒక పెద్దాయన. నమస్కారం అండీ.

కాలర్ (రాజమహేంద్రవరం): నమస్కారం. నేనూ తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. మీరు బట్టీ వద్దంటున్నారు, నాకు నచ్చలేదు. మా నాన్నగారు మాతో సంస్కృత పర్యాయపదాల కోశం అమరకోశాన్ని వల్లె వేయించారు. ఆ పునాది వల్లే మాకు పదసంపద వచ్చింది. ఇప్పటి పిల్లలకు నీళ్లకు ఇంకో పేరు చెప్పమంటే రాదు.

మాస్టారు: మీతో సగం ఏకీభవిస్తానండీ. కావ్యం చదవాలంటే అమరం కావాలి, అది వల్లె వేసినవాళ్లకు పద్యం ఎంత సులువుగా విడిపోతుందో నేను తరగతిలో చూశాను. ఇక మిగతా సగం. పద్యం రాసే కవికి ఒకే వస్తువుకు పది పేర్లు ఎందుకు కావాలి? గణం కుదరాలి, యతి పడాలి, ప్రాస కలవాలి. ఒకచోట సలిలం సరిపోతుంది, ఒకచోట తోయం, ఇంకోచోట ఉదకం. ఆ అవసరం వచనానికి లేదు. వచనంలో ప్రతి మాటకూ తన చోటు తనకుంటుంది. గుళ్లో ఇచ్చేది తీర్థం, ఇంటికొచ్చినవాళ్లకు ఇచ్చేవి మంచినీళ్లు, ప్రభుత్వ శాఖ దగ్గరికొచ్చేసరికి జలవనరులు. "అలసిపోయి వచ్చిన కూలీకి ఆమె ఉదకం ఇచ్చింది" అని ఎవరైనా రాస్తే మీరైనా ఎర్ర సిరాతో కొట్టేస్తారు కదండీ.

కాలర్ (రాజమహేంద్రవరం): కొట్టేస్తాను. అయితే ఆ పేర్లు తెలియకుండా పోవాలంటారా?

మాస్టారు: తెలియాలి, తెలిసి కూడా ఎక్కడ వాడకూడదో తెలియాలి. బళ్లో పర్యాయపదాలు నేర్పేటప్పుడు మనం ఇవన్నీ ఒకటే అని చెప్పి ఊరుకున్నాం, తేడాలు చెప్పలేదు. మీలాంటివాళ్లు ఆ తేడాలు పిల్లలకు చెబితే అంతకంటే కావాల్సిందేముంది.

వ్యాఖ్యాత: అమెరికా, డాలస్ నుంచి ఒక అమ్మ.

కాలర్ (డాలస్): నమస్తే అండీ. నేను కథలు రాస్తాను. ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది, చుట్టూ తెలుగు వినబడదు. ఆలోచన ఇంగ్లీషులో వచ్చి, దాన్ని తెలుగు చేస్తున్నట్టు ఉంటుంది నా రాత. ఏం చేయాలి?

మాస్టారు: అమ్మా, మీ అమ్మగారు ఉన్నారా?

కాలర్ (డాలస్): ఉన్నారండీ, గుంటూరులో. రోజూ మాట్లాడతాను.

మాస్టారు: అయితే ఒకరోజు ఆవిడకు చెప్పి, మాటలు రికార్డు చేయండి. ఆవకాయ పెట్టడం మొదటి నుంచి చివరిదాకా చెప్పమనండి. కాయలు తుడవడం, టెంక విడవకుండా కొట్టడం, జీడి తీయడం, కారం కలపడం, మూడోరోజు తిరగగలపడం, ఆవిడ ఏ క్రియ ఎక్కడ వాడారో విని కాగితం మీద ఉన్నదున్నట్టు రాయండి. మాటలే కాదు, తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో చెవికి మళ్లీ అందుతుంది. మీ ఇబ్బంది పదాలది అనుకుంటున్నారు, నాకైతే వాక్యానిది అనిపిస్తోంది. రాశాక పైకి చదవండి, మీ అమ్మగారితో ఫోన్లో అనలేని వాక్యం ఏదైనా తగిలితే అక్కడ ఇంగ్లీషు దాగుందని అనుమానించండి. నిఘంటువులకైతే ఆంధ్రభారతి వెబ్‌సైటు ఉంది, ఒక మాట కొడితే చాలా నిఘంటువుల్లోని అర్థాలు ఒకేచోట వస్తాయి. అందులో బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరం 1885 నాటిది, కావ్యభాషకు అది చూడండి. వాడుక కావాలంటే బ్రౌన్ దొర నిఘంటువు చూడండి, ఆయన మాటకు అర్థమొక్కటే ఇచ్చి ఊరుకోలేదు, జనం ఎలా అంటారో ఉదాహరణలు కూడా ఎక్కించాడు. తెలంగాణ మాటలకు నలిమెల భాస్కర్ గారి పదకోశం ఉంది.

వ్యాఖ్యాత: చివరి కాల్, శ్రీకాకుళం నుంచి.

కాలర్ (శ్రీకాకుళం): నమస్కారం సార్. నేను ఇంట్లో ఉంటాను, తీరిక దొరికినప్పుడు కథలు రాస్తాను. నా కథలో ఒకాయన కూతురి పెళ్లి తప్పిపోయిందని విని వరండాలో కూర్చుంటాడు. "కూర్చున్నాడు" అంటే ఏమీ అనిపించట్లేదు. "తీవ్రమైన విషాదంతో ఆసీనుడయ్యాడు" అని రాశాను, అదీ బాగోలేదు.

మాస్టారు: బాగోలేదని మీకే తెలిసింది, సంతోషం. ఆయన ఎలా కూర్చున్నాడో చూశారా మీరు? కబురు వినగానే కాళ్లలో సత్తువ పోతే కూలబడ్డాడు. ఉన్నచోటే నేలమీద పడిపోయినట్టు కూర్చుంటే చతికిలబడ్డాడు. స్తంభానికి వీపు ఆనిస్తే చేరగిలబడ్డాడు. రైతు చుట్ట కాల్చుకుంటూ గొంతుక్కూర్చుంటాడు, భోజనానికైతే మఠం వేసుకుంటాం. ఈ మాటల్లోనే మనిషి స్థితి ఉంది, విషాదం అని విడిగా చెప్పక్కర్లేదు. మీ పాత్ర వీటిలో ఏం చేశాడు?

కాలర్ (శ్రీకాకుళం): చుట్టాలందరూ చూస్తున్నారు సార్, కాబట్టి కూలబడడు. మామూలుగానే కూర్చుంటాడనుకుంటా.

మాస్టారు: అయితే "కూర్చున్నాడు" అనే ఉంచండి. పదిమంది ముందు నిబ్బరంగా ఉండాలని చూస్తున్నవాడికి ఆ మామూలు మాటే సరి. పక్క వాక్యంలో చేతులు ఏం చేస్తున్నాయో రాయండి.

కాలర్ (శ్రీకాకుళం): ఇంకొక్కటి సార్. సంభాషణల్లో "అన్నాడు, అంది" పేజీ నిండా వస్తోంది. పలికాడు, వచించాడు, నుడివాడు అని మారుస్తున్నాను.

మాస్టారు: అది మాత్రం చేయకండి. "అన్నాడు" దగ్గర పాఠకుడి కన్ను ఆగదు, "వచించాడు" దగ్గర ఆగిపోతుంది. మన భాషలో ఆ మాట చాలాచోట్ల అసలు రాయక్కర్లేదు. "ఏరా" అంటే ఎవరు ఎవరితో అంటున్నారో, "అదేంటండీ" అంటే ఎవరో, "అత్తయ్యా" అంటే ఎవరో పిలుపులోనే తెలిసిపోతుంది. మనిషి పిలుపూ, మర్యాదా సరిగ్గా పడితే సగం చోట్ల తీసేయొచ్చు. ముగ్గురి కంటే ఎక్కువమంది మాట్లాడుతున్నప్పుడు మాత్రం ఉంచండి, లేకపోతే ఎవరి మాట ఎవరిదో తేలదు.

కాలర్ (శ్రీకాకుళం): ఆ వరండా సీనులో ఐదుగురున్నారు సార్.

మాస్టారు: అక్కడ ఉంచండమ్మా. వంటింట్లో తల్లీ కూతుళ్లిద్దరే ఉండే సీను ఉంటే, ముందు అక్కడ తీసి చూడండి.

కాలర్ (శ్రీకాకుళం): ఉంది సార్. ఈ రాత్రికే చూస్తాను.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. లైన్ దొరకనివాళ్లు మీ ప్రశ్నతో పాటు మీరు రాసిన ఒక పేరా కూడా పంపండి, వచ్చేవారం మాస్టారు వాటిని చదివి మాట్లాడతారు. నమస్కారం.