ఆషాఢంలో బండి బేరం

శ్రోతలకు నమస్కారం.

ఆషాఢంలో మనవాళ్లు కొత్త బండీ కొనరు, పాత బండీ కొనరు. కొనడం అటుంచి, బేరానికి వెళ్తానన్నా ఇంట్లో ఆడవాళ్లు గుమ్మంలోనే ఆపేస్తారు. నేను మాత్రం పాత బండి చూడ్డానికి ఆషాఢాన్ని మించిన నెల లేదంటాను. అందులోనూ ఇల్లులాంటి బండి అయితే మరీను. ఆ నెలలో వానలు పడుతుంటాయి, కొనేవాడు కనపడడు. వాన బండి గుట్టు బయటపెడుతుంది. కొనేవాడు లేకపోవడం అమ్మేవాడి నోరు మెత్తబరుస్తుంది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పాతికేళ్లు పనిచేసినవాణ్ణి. కిందటేడు ఆషాఢంలో గుంటూరు నుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. "మావయ్యా, ఒక ట్రైలరు అమ్మకానికుంది, నువ్వొచ్చి చూడాలి" అన్నాడు. మట్టి తోలే ట్రక్కేమో అనుకున్నాను. కాదట. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ఇల్లట. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు పడుకోవచ్చు. గ్యాసు పొయ్యి, చిన్న సింకు, మడిచిపెట్టే బల్ల. సూర్యలంక వెళ్లినా శ్రీశైలం వెళ్లినా గదుల కోసం తిరగక్కర్లేదని వాడి ఆలోచన. "ఇంజనే లేదు కదా మావయ్యా, చూడ్డానికి పెద్దగా ఏముంటుందిలే" అని కూడా అన్నాడు.

నా భయమంతా ఆ మాట మీదే. ఇంజనున్న బండి స్టార్టు చేస్తే దగ్గుతుంది, పొగ వదులుతుంది, తన జబ్బు తనే చెప్పుకుంటుంది. ఇది నోరులేని జీవం. పైగా దీన్ని తినేసేది తిరుగుడు కాదు, చెమ్మ. పదేళ్లలో పదివేల కిలోమీటర్లు కూడా తిరగని ట్రైలరు లోపల్లోపల కుళ్లిపోయి ఉండొచ్చు. ఈ పాఠానికి నేను డబ్బు కట్టాను. వెనకటికి మా ఆవిడ టిఫిన్ల కోసం ఒక పాత క్యాంటీను బండి కొన్నాను. రంగు కొత్తగా మెరుస్తుంటే మోజుపడ్డాను. మొదటి వానాకాలంలోనే పిండి బకెట్టు పట్టుకుని నిలబడ్డవాణ్ణి, కుడికాలు నేలలోంచి మోకాలిదాకా కిందికి దిగింది. బాడీలు కట్టే మేస్త్రీకే ఆ గతి పట్టింది.

మా నాన్న ఎద్దుల బేరానికి సంతకి వెళ్తే నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. ముందు పళ్లు చూసేవాడు, తర్వాత సుడులు, తర్వాత నాలుగడుగులు నడిపించి గిట్ట పడే తీరు. ధర మాట ఆఖర్న, తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకున్నప్పుడే. అప్పటిదాకా ఎంతకిస్తావని అడిగేవాడు కాదు. మా మేనల్లుడికి కూడా అదే చెప్పాను: నేను చూడటం అయ్యేదాకా నువ్వు నోరు తెరవకు.

బండి గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు వైపు ఒక షెడ్డులో ఉంది. యజమాని మిర్చి వ్యాపారి, మర్యాదస్తుడు. పదిన్నరకి రమ్మన్నాడు, మేం తొమ్మిదింటికే వెళ్లాం. రాత్రంతా వాన పడింది. వెళ్లేసరికి షెడ్డు కుర్రాడు ట్రైలరులోంచి దిగుతున్నాడు, చేతిలో అగరొత్తుల పెట్టె. తలుపు తీస్తే గుడిలో అడుగుపెట్టినట్టు ఘుమఘుమ. "పూజ చేశాం సార్" అన్నాడు. దేవుడి పటం కోసం చూశాను, లేదు. తలుపులు, కిటికీలు మూయించి, టీ తాగొస్తామని చెప్పి అరగంట బయట తిరిగొచ్చాం. రెండోసారి తలుపు తీస్తే అగరొత్తి వెనక నుంచి అసలు వాసన వచ్చింది. తడిసిన గోనెసంచి వాసన.

చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను. పాత ట్రైలరులో వట్టి కాళ్లతో నడవాలి. మధ్యలో ఎవరైనా నడుస్తారు, అక్కడ గట్టిగానే ఉంటుంది. మూలలకి వెళ్లాలి, సింకు కిందికి వెళ్లాలి, గుమ్మం పక్కన మడమ ఆనించి బరువు వేయాలి. ఎడమవైపు వెనక మూలలో నేల నా మడమ కింద ఇడ్లీలా నొక్కుకుపోయింది. ఇక గోడలు. పుచ్చకాయ తట్టినట్టు వేలి కణుపులతో అడుగడుక్కీ తట్టుకుంటూ పోయాను. బాగున్నచోట టక్‌టక్‌మంది. ఆ మూల దగ్గరికి వచ్చేసరికి డొల్లగా, బరువుగా పలికింది. లోపలి ప్లైవుడ్డు పొరలు విడిపోయాయన్నమాట. పైన అతికించిన రేకు కాస్త ఉబ్బి ఉంది. టార్చిలైటు గోడకి ఆనించి పక్కవాటుగా వేస్తే ఆ ఉబ్బు నీడ స్పష్టంగా కనపడింది. ఎదురుగా వేస్తే మాత్రం ఏమీ తెలియదు.

నీళ్లు ఎక్కడ నుంచి దిగుతున్నాయో తేలాలంటే పైకి ఎక్కాల్సిందే. నిచ్చెన అడిగితే యజమాని మొహం కొంచెం మారింది. పైకప్పు మీద గాలి కోసం పెట్టిన మూత, దాని చుట్టూ పూసిన సీలింగు మందు ఎండకి బీటలు వారి ఉన్నాయి. మన ఎండలకి ఆ మందు నాలుగైదేళ్లకి మించి ఆగదు, గీకేసి మళ్లీ పూయాలి. ఒకచోట పాతదాని మీదే కొత్తది రాశారు, అది నిలవదు. బకెట్టుతో నీళ్లు పోయించి పావుగంట ఆగి, లోపల మూలలో అరచెయ్యి పెట్టాను. తడి తగిలింది. మా మేనల్లుడి చెయ్యి కూడా పట్టుకుని అక్కడే పెట్టించాను. యజమానిని కూడా పెట్టమన్నాను, పెట్టాడు. ముగ్గురి చేతులూ తడిశాయి. ఇక ఆ మూల గురించి వాదన లేదు. బేరంలో నా నోటికంటే ఆ చెమ్మే ఎక్కువ మాట్లాడింది.

కిందికి దిగి బండి కింద పడుకున్నాను. ఛాసిస్‌కి, అంటే అడుగునున్న ఇనుప చట్రానికి, నల్లరంగు తాజాగా కొట్టారు. రంగు మీద కోపం లేదు, దాని కింద తుప్పు పెచ్చులున్నాయా అన్నదే అనుమానం. స్క్రూడ్రైవరు పిడితో తట్టుకుంటూ పోతే ఇనుము గట్టిగానే పలికింది. కారుకి తగిలించే ముక్కు దగ్గర వెల్డింగు అతుకుల్లో పగుళ్లు లేవు. కమాను కట్టలు బాగున్నాయి. జాకీ వేసి చక్రం తిప్పితే మాత్రం కుడివైపు బేరింగు ఇసుక నములుతున్నట్టు గరగరలాడింది.

టైర్ల దగ్గరికొచ్చేసరికి మా మేనల్లుడు, "టైర్లు కొత్తవే మావయ్యా, గీతలు చూడు" అన్నాడు. గీతలు కాదురా, పళ్లు చూడాలి అన్నాను. టైరు పక్కన డీఓటీ అని రాసి, అక్షరాలు అంకెలు వరసగా ఉంటాయి. వాటి చివర నాలుగంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఇక్కడ 3117 ఉంది. అంటే 2017లో 31వ వారం. తిరగని బండికి గీతలు అరగవు, రబ్బరు మాత్రం వయసుకి ఎండిపోయి పక్కల్లో సన్నగా చీలుతుంది. ఎనిమిదేళ్ల టైర్ల మీద పిల్లల్ని పడుకోబెట్టిన ఇంటిని శ్రీశైలం ఘాటు ఎక్కిస్తారా?

తర్వాత బండిని కాటాకి తీసుకెళ్లాం. మిర్చి ఊరికి కాటాలకేం కొదవ. 860 కిలోలు తూగింది. లాగే కారు ఎంత బరువు లాగగలదో చాలా కార్ల పుస్తకాల్లో రాసి ఉంటుంది, ముందది చూసుకోవాలి. మొత్తం బరువు చూస్తే చాలదు, కారు కొక్కెం మీద పడే ముక్కు బరువు కూడా చూడాలి. మొత్తంలో పదో వంతుకి తగ్గకుండా, 15 శాతానికి మించకుండా ఉండాలి. ఇంట్లో మనం ఎక్కి చూసుకునే బరువు మిషను మీద చెక్కముక్క పెట్టి, దానిమీద ట్రైలరు ముక్కు ఆనించాం. 58 కిలోలు చూపించింది. కనీసం 86 రావాలి. ముక్కు తేలికైతే హైవే మీద వేగం పెంచగానే ట్రైలరు తోక ఆడిస్తుంది, దాంతోపాటు కారునీ ఊపేస్తుంది. చూస్తే నీళ్ల ట్యాంకు, స్పేరు చక్రం, రెండూ చక్రాలకి వెనక కట్టారు. ఇది డబ్బు పెట్టాల్సిన లోపం కాదు, స్పేరు చక్రం ముందుకి మారిస్తే సగం సర్దుకుంటుంది. అందుకే దీన్ని బేరంలోకి తీసుకురాలేదు. ప్రతిదీ లోపమంటే అసలు లోపాలకి విలువ పోతుంది.

గ్యాసు విషయం చెప్పి ముందుకెళ్తాను. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేలనంటి పేరుకుంటుంది. అందుకని సిలిండరు పెట్టే అరకి అడుగున బయటికి రంధ్రం ఉండాలి. ఇక్కడ ఉంది. కానీ చీమలొస్తున్నాయని ఎవరో గుడ్డపీలిక కుక్కారు. నేనే పీకి పారేశాను. గొట్టం అతుకులకి సబ్బు నురగ పూసి చూశాం, బుడగలు రాలేదు.

విజయవాడ చుట్టుపక్కల పాత బండి ఏది కొన్నా ఇప్పుడు ఒక ప్రశ్న తప్పదు: 2024 సెప్టెంబరు 1న ఈ బండి ఎక్కడుంది? బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం మునిగినప్పుడు వేలాది బండ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. వాటిలో కొన్ని కడుక్కుని, రంగేసుకుని ఎక్కడెక్కడో అమ్మకానికి ఉండకపోవు. ట్రైలరైతే మంచం కింద అరలో, వైర్ల జాయింట్లలో చూడాలి. సన్నటి ఒండ్రు గీత, పచ్చగా పట్టిన రాగితీగ అబద్ధం చెప్పవు. కారైతే సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, నీళ్లు ఎంత ఎత్తుకి వచ్చాయో మరక పట్టి ఉంటుంది. మేం చూసినదానికి వరద తగల్లేదు.

కాగితాలు. ఇంజను లేకపోయినా ట్రైలరుకి సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. మోటారు వాహనాల చట్టంలో ట్రైలరు కూడా మోటారు వాహనమే. దీని నంబరు ఏపీ 07 సిరీస్, గుంటూరుదే. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరూ ఇనుము మీద కొట్టిన నంబరూ ఒకటేనా అని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నాను. ఆర్‌సీలో బండి రకం ఏమని రాశారో కూడా చదవాలి. సామాన్ల ట్రక్కుగా రిజిస్టరై, తర్వాత ఇల్లుగా మారిన బండ్లుంటాయి. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా తేల్చి చెప్పింది. అలాంటి బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర తిప్పలే. అప్పు తీరిందా లేదా చూసుకోవాలి. తీరితే ఫైనాన్సువాళ్ల సంతకంతో ఫారం 35 ఉండాలి. బండి పేరు మార్పుకి అమ్మేవాడు ఫారం 29, ఇద్దరూ కలిసి ఫారం 30 ఇవ్వాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నాయన 30 రోజుల్లో రవాణా శాఖకి తెలపాలి. ఇన్సూరెన్సు పేరు మార్పుకీ 14 రోజులే గడువు.

ఇక తుండుగుడ్డ కిందికి వద్దాం. ఆయన చెప్పిన ధర 4 లక్షల 25 వేలు. నేను జేబులోంచి చీటీ తీసి గట్టిగా చదివాను. వెనక మూల నేల, గోడ విప్పి కొత్తది వేయడానికి 38 వేలు. స్పేరుతో కలిపి మూడు టైర్లు 15 వేలు. బేరింగులు 4 వేలు. పైకప్పు సీలింగు 9 వేలు. మొత్తం 66 వేలు. "నేను వేసిన రేట్ల మీద నమ్మకం లేకపోతే మీ మేస్త్రీని పిలిపించి అడగండి" అన్నాను. బండి బాగాలేదని అనలేదు. బండిని తిడితే యజమానిని తిట్టినట్టే, ఆ తర్వాత ఆయన పౌరుషానికి బేరమాడతాడు.

"హైదరాబాదు పార్టీ ఎల్లుండి వస్తామన్నారండి" అన్నాడాయన. "ఆషాఢంలోనా?" అన్నాను. ఆయనకే నవ్వొచ్చింది. మూడు లక్షలన్నాను. నాలుగుకి తగ్గనన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. మా మేనల్లుడు ఏదో అనబోతే కాలు తొక్కాను. టీలు వచ్చాయి. ఆయనే ముందు కదిలాడు: "సరే, మీ చీటీ 66 వేలూ కొట్టేయండి." అంటే 3 లక్షల 59 వేలు. అదే పెద్ద దిగుడు, అక్కడ నేను తలూపి ఉండొచ్చు. కానీ మా అక్క శ్రావణం వచ్చేదాకా రూపాయి కూడా బయానా ఇవ్వొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనకి సరుకు కొనడానికి డబ్బు తొందర ఉందేమో, "శ్రావణం మొదటి శుక్రవారం మొత్తం ఒకేసారి నగదైతే 3 లక్షల 45" అన్నాడు. నగదు వద్దు, బ్యాంకు ద్వారా ఇస్తాం, 20 వేలు ఆర్‌సీ మా పేరు మీదికి మారాక ఇస్తాం అన్నాను. ఒప్పుకున్నాడు. ఆ 20 వేలు చేతిలో లేకపోతే సంతకాల కోసం ఎన్నిసార్లు తిరగాలో పాత బండి కొన్నవాళ్లకి తెలుసు.

శ్రావణ శుక్రవారం బండి తెచ్చుకుని, కొండ కింద అమ్మవారికి దణ్ణం పెట్టించి, నిమ్మకాయలు తొక్కించి నేరుగా ఆటోనగర్ తీసుకెళ్లాం. ఐఎస్ 710 ముద్రున్న మెరైన్ ప్లై, అంటే నీళ్లకి ఆగే ప్లైవుడ్డు, తెప్పించి, వెనక మూల విప్పాం. నేను రెండడుగులు కుళ్లి ఉంటుందనుకున్నాను. నాలుగడుగులు నల్లబడి ఉంది. చెయ్యి పెడితే తడిసిన బూందీలడ్డులా రాలిపోయింది. 38 వేలు రాసిన చోట 49 అయింది.

"చెయ్యి పెట్టి చూశావు కదా మావయ్యా" అన్నాడు మా మేనల్లుడు. ఆ పైన 11 వేలు నేనే కట్టాను. మా అక్కకి ఇంకా తెలియదు. ఈ ప్రసంగం ఆవిడ వినకుండా ఉంటే బాగుండును.