డిగ్రీకి సర్కారు ఫీజు, ఉద్యోగానికి అమీర్‌పేట ఫీజు

[దృశ్యం: హైదరాబాద్ అమీర్‌పేట, మైత్రీవనం పరిసరాలు. అంతస్తు అంతస్తుకీ జావా, పైథాన్, టెస్టింగ్ బోర్డులు.]

వాయిస్: డెమో క్లాసు కోసం ఇక్కడికి వచ్చే పిల్లల్లో చాలామంది బీటెక్ పూర్తిచేసినవాళ్లే. నాలుగేళ్లు చదివాక మళ్లీ డబ్బు కట్టి కోచింగ్ ఎందుకు?

2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం, పేద పిల్లల కాలేజీ ఫీజును సర్కారే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను పెద్ద ఎత్తున అమలు చేసింది. కూలికి వెళ్లే ఇళ్లలోనూ ఇంజినీర్లు తయారయ్యారు. అది గొప్ప పని, అందులో నాకు ఏ సందేహమూ లేదు.

అయితే కాలేజీకి డబ్బు వచ్చేది సీటు నిండితే. ల్యాబ్ నడిచిందా, పిల్లాడికి పని వచ్చిందా అన్నదాన్ని బట్టి కాదు. చూస్తుండగానే ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 700 ఇంజినీరింగ్ కాలేజీలు వెలిశాయి. అన్నింటికీ మంచి లెక్చరర్లు ఎక్కడి నుంచి వస్తారు?

[దృశ్యం: ల్యాబ్ బల్ల మీద రెండు రికార్డులు. ఒకదాంట్లోని రీడింగులు రెండోదాంట్లోకి ఎక్కుతుంటాయి.]

వాయిస్: ప్రయోగం చేయలేదు, రికార్డు మాత్రం పూర్తయింది, మార్కులూ పడ్డాయి. ఇంటర్వ్యూలో ప్రోగ్రామ్ రాయమంటే చెయ్యి ఆగిపోయేది అందుకే. అమీర్‌పేటకు పని పడేదీ అక్కడే.

[స్క్రీన్ మీద: 3.2 శాతం, 13.4 శాతం]

వాయిస్: కేంద్రం చేసే కార్మిక సర్వే 2022-23 లెక్కల్లో దేశం మొత్తం మీద నిరుద్యోగం 3.2 శాతం. గ్రాడ్యుయేట్లలో 13.4 శాతం. అంటే చదువు దండగ అనుకోకండి. చదువు లేని పేదవాడు ఒక్కరోజు కూడా ఖాళీగా కూర్చోలేడు, దొరికిన పనికి పోతాడు. పట్టా ఉన్న పిల్లాడు తగిన ఉద్యోగం కోసమో, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసమో ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపుల ఖర్చంతా ఇంట్లోవాళ్లదే.

ఇంకో బాధ ఉంది. ప్రభుత్వం బకాయి పడితే, ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమనే కాలేజీలు ఉన్నాయి. జాయినింగ్ రోజు కంపెనీ ఒరిజినల్స్ అడుగుతుంది. సర్కారు చెల్లించాల్సిన డబ్బు ఆలస్యమైతే చేతికొచ్చిన ఉద్యోగం జారిపోతుంది. ఇది ఆ పిల్లాడి తప్పు ఎలా అవుతుంది?

[దృశ్యం: ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర పని నేర్చుకుంటున్న అప్రెంటిస్‌లు.]

వాయిస్: దారి లేకపోలేదు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచే ఉంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం, 30 మంది, అంతకుమించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి, స్టైపెండ్ ఇవ్వాలి. ఫీజు డబ్బులో కొంత భాగాన్ని ఇలాంటి శిక్షణకు ముడిపెడితే, కాలేజీ తనంతట తానే కంపెనీల గడప తొక్కుతుంది.

ఈలోగా, వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు కాలేజీకి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి: గత ఏడాది ఎంతమందిని అప్రెంటిస్‌షిప్‌కు పంపారు? రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే సర్టిఫికెట్లు ఇస్తారా, ఆపుతారా? రెండో జవాబును కాగితం మీద రాయించుకోండి.