పద్మనాభం తోటలో ఫ్రీ డిష్: బొమ్మ పోవడానికి కారణం కొండ కాదు

నమస్కారం. విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలో మా పెద్దనాన్నగారి మామిడి తోటలో ఉన్నాను. ఇక్కడ ఫోనుకు ఒక్క గీత కూడా నిలవదు. తుపాను హెచ్చరిక వినాలన్నా, వార్తలు చూడాలన్నా కాపలా ఇంట్లో ఉన్న ఈ చిన్న టీవీయే దిక్కు. "నెల రోజులుగా బొమ్మ ముక్కలు ముక్కలవుతోంది బాబూ, మబ్బు పడితే అసలే రావడం లేదు" అన్నారు తోట చూసుకునే బాబాయి. కొండ అడ్డుగా ఉంది కాబట్టి ఇక్కడ ఇంతేనని ఎవరో ఆయనకు చెప్పారట.

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. ఒకప్పుడు అది నిజమే. టవర్ నుంచి తరంగాలు నేల మీదుగా వచ్చేవి కనుక మధ్యలో కొండ ఉంటే అడ్డే. దూరదర్శన్ ఆ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి చాలావరకు ఆపేసింది. ఇంటి మీద అల్యూమినియం కడ్డీల యాంటెన్నా ఇంకా ఉంటే, దాన్ని ఎంత ఎత్తుకు లేపినా ఇప్పుడు లాభం లేదు. నెలవారీ రుసుము లేకుండా అందేది డీడీ ఫ్రీ డిష్. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తుంది.

విశాఖ నుంచి చూస్తే ఆ ఉపగ్రహం నేలకు సుమారు 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అర కిలోమీటరు దూరంలో ఉన్న కొండ దానికి అడ్డు రావాలంటే ఆ కొండ కిలోమీటరుకు పైగా ఎత్తుండాలి. ఈ చుట్టుపక్కల అంత కొండ లేదు. కానీ అదిగో, ఆ మామిడి చెట్టు చూడండి. డిష్‌కు మూడు మీటర్ల దూరంలో ఉంది. డిష్ కన్నా ఏడు మీటర్లు పైకి పెరిగితే చాలు, దారి మూసేస్తుంది. డిష్ పెట్టిన ఏడాది అది చిన్న చెట్టు. తడిసిన ఆకులైతే ఇంకా ఎక్కువ అడ్డు. బాబాయి చెప్పిన మబ్బు రోజుల గొడవలో సగం ఇదే.

చెట్టు అడ్డో కాదో సూర్యుడే చెబుతాడు. మార్చి 12 ప్రాంతంలో ఉదయం 11.20కి, అక్టోబరు 1 ప్రాంతంలో 11 గంటలకు, మన విశాఖలో సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహం ఉన్న చోటికే వస్తాడు. ఆ సమయానికి డిష్ మీద ఎండ పడుతోందా, చెట్టు నీడ పడుతోందా చూడండి. నీడ పడితే అడ్డు ఉన్నట్టే. ఆ రోజుల్లో కొద్ది నిమిషాలు బొమ్మ దానంతటదే పోతుంది, కంగారు పడకండి. మనం చెట్టు కొట్టడం లేదు. కాపు కాసే చెట్టు, పైగా డిష్‌ను నాలుగు మీటర్లు పక్కకు జరిపితే సరిపోతుంది.

ఇక డిష్‌ను నిలిపే స్తంభం. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. రసమట్టం పెట్టి చూడండి. ఒక వైపు మాత్రమే కాదు, రెండు వైపులా. పాత స్తంభం వానలకు మెత్తబడిన ఎర్రమట్టిలో ఒరిగిపోయింది. స్తంభం ఒరిగితే, డిష్‌ను దానికి పట్టి ఉంచే బ్రాకెట్ మీది అంకెలు అబద్ధమవుతాయి. డిష్‌ను పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది, మీరు రోజంతా తిప్పుతూనే ఉంటారు. అందుకే కొత్త స్తంభానికి రెండడుగుల గొయ్యి తీసి కాంక్రీటు పోశాం, వారం ఆరనిచ్చాం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని డిష్‌లు ఎగిరిపోయాయో చూసినవాళ్లం మనం.

ఇప్పుడు దిక్కు. ఆగ్నేయం 135 డిగ్రీలు, దక్షిణం 180. మనకు కావలసింది 149. ఫోనులోని దిక్సూచి చాలు, కానీ ఇనుప స్తంభానికి నాలుగు అడుగులు దూరంగా నిలబడి చూడండి. ఎత్తు బ్రాకెట్ గీతల మీద 66 దగ్గర పెట్టండి. డిష్ ముఖం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. ఎల్‌ఎన్‌బీ, అంటే డిష్ ముందు సిగ్నల్ పట్టే చిన్న డబ్బా, దాని చేయి కింది నుంచి వస్తుంది కనుక అలా అనిపిస్తుంది. కంటిని కాదు, గీతను నమ్మండి.

సెట్‌టాప్ బాక్సులో ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేటు 29500 పెట్టి తెర మీది స్ట్రెంగ్త్, క్వాలిటీ పట్టీలు రెండూ చూడండి. స్ట్రెంగ్త్ నిండుగా ఉందని సంతోషించకండి, ఉపగ్రహం దొరకకపోయినా అది కనిపిస్తుంది. క్వాలిటీ కదలాలి. వేలెడు తిప్పండి, ఐదు సెకన్లు ఆగండి, మళ్లీ తిప్పండి. బాక్సు ఆలస్యంగా చెబుతుంది. క్వాలిటీ కనిపించాక ఎల్‌ఎన్‌బీని కూడా దాన్ని పట్టి ఉంచే క్లాంపులో మెల్లగా తిప్పండి. మన ప్రాంతానికి అది నిటారుగా ఉండకూడదు, సుమారు 30 డిగ్రీలు వాలాలి. ఏ వైపు వాలిస్తే క్వాలిటీ పెరుగుతుందో అటు.

కేబుల్ విప్పే ముందు బాక్సు ప్లగ్ తీసేయండి. కనెక్టర్‌లో పచ్చగా చిలుము కనిపిస్తే ఆ ముక్క కోసేయండి. కొత్తగా వేస్తే ఆర్‌జీ-6 రకం కేబుల్ వేయండి, ఇంట్లోకి వెళ్లే ముందు ఒక వంపు కిందికి వదలండి, నీళ్లు అక్కడే జారిపోతాయి. యాంప్లిఫైయర్ కొనమని చెబితే వద్దనండి. అది లోపంతో సహా అన్నిటినీ పెంచుతుంది.

వానకు మాత్రం ఒక్కటే మందు, పెద్ద డిష్. 60 సెంటీమీటర్ల బదులు 90 పెడితే పట్టే విస్తీర్ణం రెండింతలకు పైనే. దూరపు తోటలకు నేనైతే అదే పెడతాను. కుండపోతలో అదీ కాసేపు ఆగుతుంది.

బోల్టులు ఒక్కసారిగా బిగించకండి. ఇటొకటి, అటొకటి, కొంచెం కొంచెం. ఇదిగో, బిగిస్తుంటే క్వాలిటీ 72 నుంచి 65కు పడింది, మళ్లీ వదులు చేసి సరిచేస్తున్నాను. ఇప్పుడు పెయింటుతో బ్రాకెట్ మీద, స్తంభం మీద ఒకే గీత గీశాను. గాలికి జరిగితే మళ్లీ నేను రానక్కరలేదు. గీతలు కలిపితే చాలు.

బాబాయి, ఇక టీవీ పెట్టండి. స్కాన్ అయ్యాక సప్తగిరి ఏ నంబరులో వచ్చిందో చూసి గోడ మీద రాసుకుందాం.