ఎండ ఎంత గట్టిగా నెడుతుంది?

అందరికీ నమస్కారం. సౌర తెరచాప అంటే అంతరిక్ష నౌకను ఎండతో నడిపే పలుచని, విశాలమైన తెర. ఆ పేరు వినగానే చాలామంది దాన్ని సౌర పవనం నెడుతుందనుకుంటారు. కాదు. సౌర పవనమంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే విద్యుదావేశ కణాలు. వాటి పీడనం వెలుతురు పీడనంలో వెయ్యో వంతు కూడా ఉండదు. తెరచాపను నడిపేది అచ్చంగా వెలుతురే.

లెక్కకు రెండు అంకెలు చాలు. భూమి ఉన్నంత దూరంలో, సూర్యుడికి ఎదురుగా నిలబెట్టిన చదరపు మీటరు మీద సెకనుకు 1361 జౌళ్ల శక్తి పడుతుంది. కాంతికి ద్రవ్యరాశి లేకపోయినా ద్రవ్యవేగం, అంటే తగిలినదాన్ని నెట్టే గుణం, ఉంది. శక్తిని కాంతి వేగంతో, అంటే సెకనుకు 30 కోట్ల మీటర్లతో భాగిస్తే అది తేలుతుంది. సెకనుకు అందే ఆ ద్రవ్యవేగమే తెరను నెట్టే బలం. వచ్చేది 4.5 మైక్రోన్యూటన్లు, అంటే న్యూటన్‌లో పది లక్షల వంతులు నాలుగున్నర. ఇది వెలుతురునంతా మింగేసే నల్లటి తెరకు. అద్దంలా మెరిసే తెరైతే వెలుతురును వెనక్కి కొడుతుంది కాబట్టి బలం రెట్టింపు, దాదాపు 9.1.

2019లో ప్లానెటరీ సొసైటీ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ పంపిన లైట్‌సెయిల్-2 అనే తెరచాప నౌకను తీసుకుందాం. తెరచాప 32 చదరపు మీటర్లు, మొత్తం ద్రవ్యరాశి 5 కిలోలు. బలం 0.29 మిల్లీన్యూటన్లు. దాన్ని 5తో భాగిస్తే, వేగం ప్రతి సెకనుకూ 0.058 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుందని తెలుస్తుంది. నవ్వొస్తుంది కదూ! కానీ రోజుకు 86,400 సెకన్లు. ఎండ ఎడతెగకుండా ఎదురుగా పడితే రోజు తిరిగేసరికి సెకనుకు 5 మీటర్ల వేగం అదనంగా వచ్చి చేరుతుంది. అయితే అది తిరిగింది భూమి చుట్టూ. సూర్యుడి వైపు వస్తున్నప్పుడు వెలుతురే దానికి బ్రేకు. అందుకే అప్పుడు తెరచాప అంచును ఎండకు తిప్పి పెట్టేవారు.

నా దృష్టిలో అసలు మజా అంతా ఈ తిప్పడంలోనే ఉంది. తెరను వాల్చితే దాని మీద పడే ఎండ తగ్గుతుంది, అది వాలు కోణపు కొసైన్ ఒకటి. తెరకు లంబంగా తగిలే భాగమే పనిచేస్తుంది, అదింకొకటి. రెండూ కలిసి కొసైన్ వర్గం. 60 డిగ్రీలు వాల్చితే మిగిలేది సగం కాదు, పావు. ఇక బలం దిశ ఎండ పోయే దిక్కు కాదు, తెరకు లంబ దిశ. ఆ బలాన్ని కక్ష్యలో ముందుకు మళ్లిస్తే నౌక సూర్యుడికి దూరం జరుగుతుంది, వెనక్కి మళ్లిస్తే చుట్లు చుడుతూ సూర్యుడి వైపే దిగుతుంది. బయటికి నెట్టే ఎండతోనే లోపలికి ప్రయాణం! కక్ష్య వెంబడి అత్యధిక బలం దక్కేది సుమారు 35 డిగ్రీల వాలులో. అప్పుడు కూడా పూర్తి బలంలో 38 శాతమే.

ఇదంతా మచ్చలేని అద్దానికి. 2010లో జపాన్ పంపిన ఇకారోస్ తెర చదరం, భుజం 14 మీటర్లు, మందం 7.5 మైక్రోమీటర్లు. మన సూత్రం ప్రకారం దాని మీద 1.78 మిల్లీన్యూటన్లు పడాలి. కొలిస్తే 1.12 వచ్చింది. అసలు తెర కొంత వెలుతురును మింగుతుంది, ముడతలు కొంత చెదరగొడతాయి, పైన అతికించిన సౌర ఘటాలు అద్దాలు కావు. కాబట్టి మీరు లెక్క కట్టేటప్పుడు ఆదర్శ విలువను ఉన్నదున్నట్టు వాడకండి. అందులో మూడింట రెండు వంతుల కన్నా తక్కువే వస్తుందనుకుని మొదలుపెట్టండి.