ప్రష్యా బడిని లోపల ఉండి ఎదిరించిన డీస్టర్‌వేగ్

నమస్కారం. విద్యా విధానం మీద తెలుగులో ఏ చర్చ మొదలైనా, కాసేపటికే ఎవరో ఒకరు ఒకప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యా పేరు ఎత్తుతారు. చెప్పినట్టు వినే సైనికులనూ, నోరెత్తని కార్మికులనూ తయారు చేయడానికే ఆ రాజ్యం బడులు పెట్టిందనీ, మన తరగతి గదుల్లో కనిపించే జాడ్యాలన్నీ అక్కడి నుంచే వచ్చాయనీ తేల్చేస్తారు. పాలకులకు విధేయత కావాలన్న మాట నిజమే. అయితే అంతటితో కథ ముగించేస్తే, అదే రాజ్యం జీతం మీద పనిచేస్తూ ఆ విధేయతకు అడ్డం నిలిచిన ఉపాధ్యాయులు చరిత్రలో లేకుండా పోతారు. నన్ను ఎప్పుడూ బాధించేది ఆ అన్యాయమే. ఆ ఉపాధ్యాయులకు పెద్దదిక్కుగా నిలిచిన అడోల్ఫ్ డీస్టర్‌వేగ్ జీవితాన్ని ఈ వీడియోలో వివరిస్తాను.

ఆయన 1790లో జీగెన్ పట్టణంలో జన్మించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్విస్ విద్యావేత్త పెస్టలోజీ మార్గాన్ని అనుసరించే ఒక బడిలో పాఠాలు చెప్పి, ఆ తరువాత ఎల్బర్‌ఫెల్డ్‌కు వెళ్లారు. అది నేత మిల్లులతో నిండిన ప్రాంతం. పసిపిల్లలను ఫ్యాక్టరీ పనిలో పెట్టడాన్ని విమర్శిస్తూ ఆయన తరువాతి కాలంలో రాశారు కూడా. ప్రష్యా బడి ఫ్యాక్టరీల కోసమే పుట్టిందని చెప్పేవారు ఈ విషయాన్ని ఒక్కసారైనా ప్రస్తావించాలని నా కోరిక. 1820లో మోర్స్ పట్టణంలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు, 1832లో బెర్లిన్‌లోని శిక్షణ కళాశాలకు ఆయన అధిపతి అయ్యారు. అంటే ఆయన బయట నిలబడి రాళ్లు విసిరిన మనిషి కాదు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను తయారు చేసే చోటనే కూర్చున్న మనిషి.

ఇక ఆయన బోధన గురించి. 1835లో జర్మన్ ఉపాధ్యాయుల కోసం వెలువరించిన మార్గదర్శక గ్రంథంలో, దగ్గరి దాని నుంచి దూరపు దానికి, సులభమైన దాని నుంచి కఠినమైన దానికి, తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లాలన్న సూత్రాలను ఆయన వరుసగా వివరించారు. ఉపాధ్యాయ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదివినవారికి ఇవి కంఠతా వచ్చినవే. కానీ కంఠతా పట్టడం వేరు, వాటి వెనుక ఉన్న పట్టుదలను గ్రహించడం వేరు. ఆయన ఖగోళ శాస్త్రం మీద కూడా పాఠ్యగ్రంథం రాశారు కాబట్టి, ఆకాశం నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటాను.

మోర్స్‌లో ఒక బడి ఆవరణను ఊహించండి. భూమి తన చుట్టూ తాను తిరుగుతుందని ఒక ఉపాధ్యాయుడు చెబుతాడు, పిల్లలు అప్పజెబుతారు, పాఠం అయిపోతుంది. డీస్టర్‌వేగ్ పద్ధతి తెలిసిన ఉపాధ్యాయుడు ఆవరణలో ఒక కర్ర నిలువుగా పాతి, గంట గంటకూ నీడ కొసన సుద్దతో గుర్తు పెట్టమంటాడు. పొద్దున పడమటి వైపు పొడుగ్గా పడిన నీడ, మధ్యాహ్నానికి కురచబడి, సాయంత్రానికి తూర్పుకు తిరుగుతుంది. జూన్ నెలలో మధ్యాహ్నపు నీడ కర్రలో సుమారు సగం ఉంటే, డిసెంబరులో అదే నీడ కర్రకు మూడున్నర రెట్లు దాటుతుంది. ఎందుకని పిల్లవాడు తానే అడుగుతాడు. అప్పుడే పాఠం మొదలవుతుంది. చెడ్డ ఉపాధ్యాయుడు సత్యాన్ని చేతికి అందిస్తాడనీ, మంచి ఉపాధ్యాయుడు దాన్ని కనుగొనడం నేర్పుతాడనీ డీస్టర్‌వేగ్ రాసిన మాటకు అర్థం ఇదే.

ఇంత అమాయకమైన కర్ర రాజ్యానికి ఎందుకు కంటగింపు కావాలని మీరు అడగవచ్చు. ఆ రోజుల్లో ఊరి బడిని తనిఖీ చేసేది ఊరి చర్చి పాదరీయే. నీడను తానే కొలిచి చూసిన పిల్లవాడు, పాదరీ చెప్పిన మాటకు కూడా ఆధారం అడుగుతాడు. రేపు పెద్దవాడై రాజు మాటకూ ఆధారం అడుగుతాడు. డీస్టర్‌వేగ్ అక్కడితో ఆగకుండా, బడిపై చర్చి పర్యవేక్షణ పోవాలనీ, ఉపాధ్యాయుల పనిని ఉపాధ్యాయ వృత్తి తెలిసినవారే పరిశీలించాలనీ బహిరంగంగా వాదించారు. ఫలితంగా 1847లో ఆయనను పదవి నుంచి తప్పించారు, 1850లో పింఛను ఇచ్చి పూర్తిగా పంపించేశారు. ఈ మధ్యలోనే, రాజుల పెత్తనానికి ఎదురుతిరిగి స్వేచ్ఛను కోరిన 1848 విప్లవం వచ్చింది. మరుసటి ఏడు రాజు నాలుగవ ఫ్రెడరిక్ విల్హెల్మ్ శిక్షణ కళాశాలల అధిపతులను సమావేశపరచి, దేశానికి వచ్చిన కష్టమంతా మీరు నేర్పిన చదువు వల్లనే వచ్చిందని మొహం మీదే నిందించాడు. బడి విధేయతా యంత్రంగా సాఫీగా నడుస్తూ ఉంటే, రాజుకు అంత కోపం రావలసిన పని లేదు.

ఆ కోపం 1854 అక్టోబరులో ప్రష్యా విద్యాశాఖ అధికారి ఫెర్డినాండ్ ష్టీల్ రూపొందించిన నిబంధనలుగా బయటపడింది. శిక్షణలో మత పాఠాలకూ, కంఠస్థం చేయడానికీ పెద్దపీట వేశారు. కాబోయే ఉపాధ్యాయులు జర్మన్ సాహిత్యంలోని ప్రసిద్ధ రచనలను సొంతంగా చదువుకోవడానికి కూడా వీలు లేదన్నారు. మన ఉదాహరణలో చెప్పాలంటే, పిల్లవాడి చేతిలోంచి కర్రను లాక్కోవడం కష్టమని గ్రహించి, ఉపాధ్యాయుడికే ఆ కర్ర సంగతి తెలియకుండా చేయాలని చూశారు. ప్రష్యా బడిలో మనం తిట్టుకునే లక్షణాలు చాలావరకు ఈ నిబంధనలు బిగించినవే. వాటిని ఆ బడి పుట్టుకకే అంటగట్టడం పొరపాటు.

పదవి పోయినా ఆయన కలం ఆగలేదు. 1827లో తాను ప్రారంభించిన విద్యా పత్రికలో రాస్తూనే వచ్చారు. 1849లో కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్‌ను కలుసుకుని, ఆయన కిండర్‌గార్టెన్ ఆలోచనకు గట్టి మద్దతుదారు అయ్యారు. 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. ఆ నిషేధం తొలగేసరికి 1860 వచ్చింది.

సమయం మించిపోతోంది కనుక ఆయన రాజకీయ జీవితాన్ని క్లుప్తంగా చెబుతాను. నిజానికి దానికి వేరే వీడియో కావాలి. 1858లో ఉదారవాదులకు గాలి అనుకూలించినప్పుడు, బెర్లిన్ నుంచి ఆయన ప్రష్యా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. ష్టీల్ నిబంధనలను రద్దు చేయాలని సభలో పోరాడారు, తరువాత ఉదారవాదుల ప్రగతి పార్టీ పక్షాన నిలిచారు, ప్రష్యా ప్రధానమంత్రి బిస్మార్క్‌తో సభకు జరిగిన సంఘర్షణ కాలమంతా ప్రతిపక్షంలోనే ఉన్నారు. 1866 జూలై 7న, బెర్లిన్‌ను కలరా పట్టి పీడిస్తున్న రోజుల్లో, ఆ వ్యాధితోనే కన్నుమూశారు. ఆ నిబంధనలు 1872లో రద్దయ్యాయి. బడుల తనిఖీ అధికారం రాజ్యానిదేనని అదే ఏడు చట్టం వచ్చినా, చాలా ఊళ్లలో రాజ్యం తరఫున ఆ పని చేసింది మళ్లీ పాదరీలే. పర్యవేక్షణ వృత్తి తెలిసిన అధికారుల చేతిలోనే ఉండాలని రాజ్యాంగంలో రాసుకోవడానికి జర్మనీకి 1919 దాకా పట్టింది.