ఓడలో డాన్సర్ల డ్రెస్సులు: మనం ఎన్ని అడుగుల దూరం నుంచి చూస్తున్నాం?

[దృశ్యం: హనుమకొండలో డ్రెస్సుల అద్దె షాపు. వెనక హ్యాంగర్లకు కూచిపూడి, బంజారా, పేరిణి డ్రెస్సులు. మాట్లాడే ఆమె చేతిలో నీలం రంగు చమ్కీల బ్లౌజు.]

అందరికీ నమస్తే. ఈ బ్లౌజు చూడండి. వెనక్కి తిప్పుతున్నా. వేసుకుంటే మెడ నుంచి నడుము దాకా వీపంతా కనిపిస్తుందనే అనిపిస్తుంది కదా? బాబూ, కెమెరా దగ్గరికి తీసుకురా. ఇంకొంచెం. ఇదిగో, వేలితో లాగుతున్నా, సాగుతోంది చూడండి. ఇదంతా గుడ్డే. ఒంటి రంగు నెట్. స్టేజీ లైట్ల కింద పది వరసల అవతల కూర్చుంటే ఈ నెట్ మీకు కనిపించదు. దాని మీద కుట్టిన చమ్కీలు మాత్రం ఒంటికి అంటుకున్నట్టు మెరుస్తాయి.

మొన్న వేసవిలో మేం సింగపూర్ నుంచి మూడు రాత్రుల ఓడ ప్రయాణం చేశాం. నేను, మావారు, మా అత్తమ్మ, మా చిన్నాడు. వచ్చాక ఓడ ఫోటోలు చూసిన మా వాడకట్టు ఆడవాళ్లందరూ అడిగింది ఒకటే: "ఓడలో డాన్సర్లు అట్లాంటి బట్టలేసుకుంటరట, నిజమేనా? పిల్లల్ని పెట్టుకొని ఎట్ల చూసిన్రు?" ఇరవై రెండేళ్లుగా డాన్స్ డ్రెస్సులు కుట్టి, అద్దెకిచ్చే మనిషిని. ఈ ప్రశ్నకు తొందరపడి అవుననో కాదనో చెప్పి వదిలెయ్యలేను.

[దృశ్యం: ఫోన్‌లో తీసిన వీడియో, రాత్రి సముద్రం, ఓడ లైట్లు. డాన్సర్లను చూపించొద్దు.]

మొదటి రాత్రి పెద్ద థియేటర్‌లో షో. మేం బాల్కనీలో కూర్చున్నాం. నెమలీకల్లా విచ్చుకునే తెల్లటి ఈకలు, రాళ్లు పొదిగిన చిన్న బట్టలు, తలమీద కిరీటాలు. పది పన్నెండు మంది అమ్మాయిలు ఒక్క అడుగు తేడా లేకుండా మెట్లు దిగి వస్తుంటే మా అత్తమ్మ ముందు నోరెళ్లబెట్టి చూసింది. తర్వాత చప్పట్లు కొట్టింది. "అంత బరువు నెత్తిన పెట్టుకొని ఎట్ల ఎగురుతున్రే బిడ్డా!" అంది. బట్టల గురించి ఒక్క మాట లేదు.

రెండో రాత్రి ఏం జరిగిందో తర్వాత చెప్తా. ముందు ఆ ఈకల సంగతి తెలియాలి.

ఆ డ్రెస్సు పుట్టింది పారిస్‌లో. ఫోలీ బెర్జేర్ అనే థియేటర్ 1869లో మొదలైంది, మూలాఁ రూజ్ 1889లో. 1946లో అక్కడే వచ్చిన లీడో అనే షో హాలు తన షోను 1958లో అమెరికాలోని లాస్ వేగాస్‌కు పంపింది. అక్కడి నుంచి ఈకలు, రాళ్లు, పొడుగు కాళ్లు అంటే రాత్రి షో అనే గుర్తు ప్రపంచమంతా పాకింది. సాయంత్రం ప్రయాణికులను కూర్చోబెట్టి వినోదం చూపించాలనుకున్న ఓడలవాళ్లకు అదే నమూనా దొరికింది.

అది పెద్ద హాలు కోసం పుట్టిన బట్ట. ఈక ఎందుకు? చివరి వరసలో కూర్చున్న మనిషికి కూడా చెయ్యి ఎటు కదిలిందో తెలియడానికి. కాలు ఎందుకు కనిపించాలి? ఆ డాన్సు మొత్తం కాలి గీత మీద నడుస్తుంది గనుక. పన్నెండు కాళ్లు ఒకే ఎత్తుకు లేచాయా లేదా అన్నదే అందులో విద్య. మోకాళ్ల కింది దాకా గుడ్డ కప్పేస్తే అది కనిపించదు. కూచిపూడిలో అరమండి, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చుంటే మధ్యలో మడతల విసనకర్ర ఎందుకు విచ్చుకోవాలో, ఇదీ అంతే. ప్రతి డాన్సుకూ చూపించాల్సిన భాగం ఒకటుంటుంది, కుట్టేవాళ్లం దాని చుట్టూనే కత్తెర పెడతాం.

[దృశ్యం: కుట్టు మిషన్ దగ్గర. బ్లౌజు లోపలి వైపు తిప్పి చూపించాలి.]

ఓడకు వచ్చేసరికి ఇంకో సంగతి కలుస్తుంది. నేల కదులుతుంది. అల పెద్దగా ఉన్నప్పుడు పొడుగు లంగా కుచ్చిళ్లు కాలికి తగిలితే డాన్సర్ పడిపోతుంది. మడమ ఎత్తు చెప్పులు తీసేసి మామూలువి వేసుకొని ఆడే రోజులుంటాయి. ఆపైన, ఉన్న ఆ కొద్దిమందే ఒక్క షోలో ఆరేడు సార్లు బట్టలు మారుస్తారు. కొన్నిసార్లు అర నిమిషం కూడా ఉండదు. కాజాలు, బొందులు పెట్టుకొని కూర్చుంటే కుదరదు. వెనక జిప్పు, ప్రెస్ బటన్లు, వెల్‌క్రో. ఒంటికి అతుక్కున్న ఒకే ముక్క డ్రెస్సయితే విప్పడం, వేసుకోవడం త్వరగా అవుతుంది.

ఒంటి రంగు నెట్ గురించి ఒక బాధ చెప్పాలి. మార్కెట్‌లో "స్కిన్ కలర్" అని అమ్మేది ఎవరి ఒంటి రంగు? పాలిపోయిన గోధుమ రంగు. మా పిల్లల్లో చాలామందికి అది వేస్తే చెయ్యి ఒక రంగు, వీపు ఒక రంగు. దూరం నుంచి కూడా బట్ట తేలిపోతుంది, పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. నైలాన్ నెట్ అయితే నేను చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెడతా. పాలు పోయని టీ. పది నిమిషాలకోసారి ఆ పిల్ల చెయ్యి పక్కన పెట్టి చూసుకుంటా. రంగు కలిసిందంటే తీసి నీడలో ఆరేస్తా. పాలిస్టర్ నెట్‌కు ఇది పట్టదు, వృథా ప్రయాస.

ఓడల్లో డ్రెస్సు ఒక్కరి కోసం కుట్టరు. షోతో పాటు కుట్టిస్తారు, అది ఏళ్ల తరబడి ఓడలోనే ఉంటుంది. డాన్సర్లు మాత్రం కొన్ని నెలల కాంట్రాక్టు అయిపోగానే దిగిపోతారు, కొత్త బ్యాచ్ ఎక్కుతుంది. వెళ్లిపోయిన అమ్మాయి డ్రెస్సు లోపలి కుట్లు విప్పి వచ్చిన అమ్మాయికి సరిచేస్తారు. మా షాపులో చేసేదీ ఇదే, అందుకే లోపల ఎప్పుడూ రెండంగుళాల మార్జిన్ వదులుతా. ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఐదడుగుల మూడంగుళాల పిల్లకు నిండుగా ఉన్న డ్రెస్సు ఐదడుగుల ఎనిమిదంగుళాల పిల్లకు పైకి లాక్కుపోతుంది. కుట్టించినవాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువ ఒళ్లు కనిపిస్తుంది. చూసేవాళ్లేమో ఆ అమ్మాయి కావాలనే అట్లా వేసుకుందనుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ప్రాణం విలవిల్లాడుతుంది, ఎందుకంటే తప్పు అక్కడ సూదిది.

[దృశ్యం: రామప్ప గుడి. చూరు కింద మదనికల వైపు కెమెరా కింది నుంచి పైకి మెల్లగా ఎత్తాలి.]

ఈ ముక్క తీయడానికి నిన్న పాలంపేట వచ్చాం. 1213లో కాకతి గణపతిదేవుడి కాలంలో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ సంపదలో చేరింది. నేను చిన్నప్పటి నుంచి వస్తున్నా. కానీ ఓడ నుంచి వచ్చాకే ఒక సంగతి పట్టించుకున్నా.

ఈ నల్లరాతి మదనికలను, అంటే చూరు కింద నిలబడ్డ ఆడ శిల్పాలను చూడండి. నగలు ఉన్నాయి, మొలనూళ్లు ఉన్నాయి, గుడ్డ చాలా తక్కువ. వీటి ముందు ముసలివాళ్లు దండం పెట్టుకుంటారు, స్కూలు పిల్లలు టీచర్లతో వచ్చి నోట్సు రాసుకుంటారు. ఎవరికీ ఇబ్బంది లేదు. ఎందుకు? దేవుడి గుడి కాబట్టి అంటారు. నిజమే. కానీ శిల్పి వీళ్లను ఎక్కడ నిలబెట్టాడో కూడా చూడండి. మన కళ్లకు ఎదురుగా పెట్టలేదు. స్తంభం మీద నుంచి చూరు దాకా ఏటవాలుగా, మన తల మీద. మనం మెడ ఎత్తాలి. దగ్గరికి పోయి చెయ్యి వేయలేం. ఆ ఎత్తు ఆమెకు ఒక గౌరవం ఇచ్చింది. మనిద్దరి మధ్య ఒక గీత గీసింది.

ఇంకోటి. గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని రాసిన నాట్య గ్రంథం నృత్తరత్నావళిని, ఇక్కడి శిల్పాలను చదువుకొని నటరాజ రామకృష్ణ గారు పేరిణిని మళ్లీ నిలబెట్టారు. మగవాళ్ల వీరనృత్యం. ఆ డ్రెస్సులు మా షాపులోనూ ఉన్నాయి, పేరుకు డ్రెస్సే గానీ నడుము పైన నగలు తప్ప ఏం ఉండదు. పేరిణి ఆడే పిల్లవాడి ఛాతీ గురించి ఇన్నేళ్లలో ఒక్క తల్లిదండ్రులు కూడా నన్ను అడగలేదు. అదే ఆడపిల్ల బ్లౌజు వెనక మెడ రెండంగుళాలు దిగితే మూడు ఫోన్లు వస్తాయి. డ్రెస్సు నప్పుతుందా అని అడిగేవాళ్లు ఇద్దరినీ ఒకే కొలతతో అడగాలి.

[దృశ్యం: మళ్లీ షాపు. ఇక్కడ సంగీతం ఆపేయాలి.]

ఇప్పుడు రెండో రాత్రి. థియేటర్ కాదు, లాంజ్. తక్కువ ఎత్తు పైకప్పు, చుట్టూ బల్లలు, మధ్యలో చిన్న చెక్క నేల. స్టేజీ అంటూ లేదు. అలాంటి డ్రెస్సుల్లోనే నలుగురు అమ్మాయిలు బల్లల మధ్య నుంచి ఆడుకుంటూ వచ్చారు. మా అత్తమ్మ కుర్చీకి, ఆ అమ్మాయి నడుముకు మధ్య రెండడుగులు కూడా లేదు. నిన్న చప్పట్లు కొట్టిన మనిషే తల దించుకొని కొంగు సర్దుకుంది. ఆమె తన కొంగు ఎందుకు సర్దుకుందో నేను చాలా రోజులు ఆలోచించా. ఆ అమ్మాయి మీద కోపం కాదు. అంత దగ్గర నుంచి చూడాల్సింది కాదని ఆమెకు అనిపించింది.

దగ్గర నుంచి నెట్ నెట్‌లా కనిపిస్తుంది. చెమట కనిపిస్తుంది. జిప్పు దగ్గర ఒరుసుకుపోయి ఎర్రబడ్డ చర్మం కనిపిస్తుంది. అరవై అడుగుల కోసం కుట్టిన బట్టను రెండడుగుల దూరంలో పెట్టారు.

పాట అయ్యాక వాళ్లను తలుపు దగ్గర వరసగా నిలబెట్టారు, ప్రయాణికులు ఫోటోలు దిగడానికి. ఒకాయన, మన దేశం ఆయనే, ఒక అమ్మాయి నడుము మీద చెయ్యి వేశాడు. ఆమె నవ్వుతూనే ఉంది. నవ్వుతూనే ఒక అడుగు పక్కకు జరిగింది. ఆయన కూడా జరిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను వెళ్లి వాళ్లిద్దరి మధ్య నిలబడి "ఫోటో నాతో దిగమ్మా" అన్నా. ఆమెకు తెలుగు రాదు, అయినా నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

మా దగ్గర స్కూలు రోజుల్లో డాన్స్ చేసిన ఒక అమ్మాయి తర్వాత ఓడలో ఆరు నెలలు పనిచేసింది. పేరు చెప్పొద్దంది. మేం ఓడ నుంచి వచ్చిన వారమే ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగా, ఆ బట్టలు వేసుకోవడం నీకెట్లా అనిపించేదని.

"అక్కా, స్టేజీ మీద సిగ్గేం లేదు. హుక్కు ఊడుతదేమోనని ఒక్కటే టెన్షన్. పట్టీ వెడల్పు చేయమంటే డ్రెస్సులు చూసే మేడం వెంటనే చేసింది. కాంట్రాక్టుకు ముందే ఫోటోలు పంపి అడిగిన్రు, ఒప్పుకునే పోయిన. స్టేజీ దిగినంకనే నాకు మంచిగనిపించకపోయేది. లైట్లు ఉండవు, పాట ఉండదు. అవే బట్టల్లో జనం మధ్య నిలబడాలె."

ఆ అమ్మాయి మాట వినేదాకా నా మనసులో ఉన్నదానికి నాకే పేరు దొరకలేదు. లైట్లు, పాట, స్టేజీ అంచు కూడా ఆ డ్రెస్సులో భాగాలే. అవి తీసేస్తే ఆమె మీద సగం బట్టే మిగులుతుంది.

కాబట్టి నా జవాబు ఇది. పెద్ద థియేటర్‌లో, ఎత్తు స్టేజీ మీద, షో ఎలా ఉంటుందో ముందే చెప్పి, డాన్సర్ ఒప్పుకొని వేసుకున్నదైతే ఆ డ్రెస్సు నప్పుతుంది. అందంగా నప్పుతుంది. బల్లల మధ్య, ఈత కొలను పక్కన, భోజనాల హాల్లో నప్పదు. ఫోటోల వరసలో అసలే నప్పదు. రాత్రి పూట లాంజ్ కోసం వేరే డ్రెస్సు కుట్టించడం ఓడలవాళ్లకు పెద్ద ఖర్చేం కాదు. వెనక భాగం నిండుగా, మోకాలి దాకా వచ్చి తిరిగినప్పుడు విచ్చుకునే లంగా, లోపల బిగుతు షార్ట్స్ చాలు. అది దగ్గర నుంచి ఇంకా బాగుంటుంది కూడా, ఎందుకంటే దగ్గరివాళ్లకు కుట్టు పనితనం కనిపిస్తుంది.

పిల్లలతో వెళ్లేవాళ్లు టికెట్ కొనేముందే ఓడ ఎలాంటిదో చూసుకోండి. వర్జిన్ వాయేజెస్ అనే కంపెనీ ఓడలు పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. డిస్నీ ఓడలు కుటుంబాల కోసం నడిచేవి. ఈ రెండింటికీ మధ్యలో ఉండేవే ఎక్కువ. ఓడ ఎక్కాక మీ గదికి వచ్చే, లేదా యాప్‌లో కనిపించే రోజువారీ కార్యక్రమంలో ఏ షో పెద్దవాళ్లకో రాసి ఉంటుంది. లేకపోతే కౌంటర్‌లో అడగండి. మా అత్తమ్మలాంటి ఇంటి పెద్దలు పక్కన ఉంటే థియేటర్‌లో వెనక వరసో బాల్కనీయో ఎంచుకోండి, ఆ డాన్సు కూడా అక్కడి నుంచే నిండుగా కనిపిస్తుంది. ఫోన్‌తో జూమ్ చేసి తీయకండి. ఆమె ఒప్పుకున్నది ఆ హాలు దూరానికి, మీ ఫోన్ దూరానికి కాదు.

[దృశ్యం: షాపు గోడకు వరసగా వేలాడుతున్న నల్ల కోట్లు.]

వచ్చాక నేనొక పని మొదలుపెట్టా. కాలేజీ ఫెస్టులకు, సంగీత్‌లకు నా దగ్గర నుంచి వెస్టర్న్ డ్రెస్సులు చాలా వెళ్తాయి. ఇప్పుడు ప్రతి డ్రెస్సుతో పాటు ఒక పొడుగు నల్ల కోటు కూడా పంపుతున్నా. మెత్తటి కాటన్, ముందు రెండే ప్రెస్ బటన్లు, చెమట మీద కూడా చేతులు సులువుగా దూరతాయి. పాట అయి స్టేజీ దిగగానే వేసుకోవడానికి. ఇప్పటికి పద్నాలుగు కుట్టా, ఇంకా ఆరు కుట్టాలి. వాటికి అద్దె తీసుకోవడం లేదు.